పైడమ్మగారి నెయ్యి, రెండు గిన్నెలు

గవరయ్య మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు వంటింట్లోంచి వస్తుంది. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి, ఇప్పుడు నల్లబల్లకు బదులు భార్య గిన్నెలు వాడుతున్నారు. "అడిగేది మీరు, చెప్పేది ఆయన, తోమేది నేను" అంటారు పైడమ్మగారు. ఊరంతా ఈ మాట విని జాలిపడింది. తోమడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఒక శనివారం సాయంత్రం ఆయన పాత శిష్యురాలు హైమవతి పట్నం నుంచి వచ్చింది. నీళ్లు వడకట్టే ప్లాస్టిక్ పొరల మీద పరిశోధన చేస్తోందట. ముఖం చూస్తే పోలీసు ఉద్యోగంలా ఉంది.

"మాస్టారూ, ఒకే డబ్బాలోని పొడిని కరిగించి, అచ్చుపోసి నేనొక పొర చేశాను, మా ల్యాబులోనే పనిచేసే అప్పలకొండ ఒకటి చేశాడు. వేడి చేస్తే అతనిది ముందే కరిగిపోతోంది. పదార్థం ఒకటే అయితే ఒకే వేడికి కరగాలి కదా? ఏదో చవక పొడి కలిపేశాడు. సోమవారం మా ప్రొఫెసరుగారికి చెప్పేస్తాను. అతని సీటు పోతే పోనీండి."

మాస్టారు "ఊఁ" అన్నారు. పైడమ్మగారు అప్పుడే వెన్న కాచి దించారు. ఆ నెయ్యిని ఆయన రెండు గిన్నెల్లో పోసి, ఒకదాన్ని ఫ్రిజ్జులో ఐసుముక్కల మధ్య పెట్టారు. రెండోదానికి గుడ్డ కప్పి పొయ్యిగట్టు మీద వదిలేశారు. హైమవతికి ఒళ్లు మండింది. తను అడిగిందేమిటి, ఈయన చేస్తున్నదేమిటి?

మర్నాడు పొద్దున్నే ఫ్రిజ్జులోదీ బయట పెట్టారు. భోజనాల వేళకు గుడ్డ కప్పినది పూసకట్టి ఉంది. ఫ్రిజ్జులోది మైనంలా నున్నగా ఉంది.

"ఇదెవరింటి నెయ్యండీ? డాల్డా కలిపారు. నా చేతి నెయ్యయితే పూసకట్టదూ?" అన్నారు పైడమ్మగారు నున్నటిదాన్ని చూసి. నెయ్యి విషయంలో ఆవిడ తీర్పుకు మా ఊళ్లో అప్పీలు లేదు.

"రెండూ నీవేనే" అన్నారు మాస్టారు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, తప్పు ఫ్రిజ్జుదని తేల్చేశారు.

మాస్టారు రెండింట్లోంచీ ఒక్కో చెంచా తీసి వేడన్నం గిన్నె మూత మీద పెట్టారు. నున్నటిది చూస్తుండగానే జారిపోయింది. పూసలు మాత్రం అలిగిన పెళ్లిపెద్దల్లా ఇంకా కూర్చునే ఉన్నాయి.

హైమవతి చెయ్యి అన్నంలోనే ఆగింది. ప్లాస్టిక్కూ అంతే, నిదానంగా చల్లారితే దాని గొలుసుల్లాంటి అణువులు మడతలు పడి, ఒద్దికగా సర్దుకుని మందపాటి పలుకులు కడతాయి. వాటిని విడదీయాలంటే ఎక్కువ వేడి కావాలి. తొందరపెడితే ఎక్కడివక్కడ సన్నగా గడ్డకట్టి తేలిగ్గా విడిపోతాయి. ఇదంతా ఆమె పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

"అతని పొరని అచ్చులోంచి తీసిందెవరమ్మా?"

ఆమె తలెత్తలేదు. "నేనే, మాస్టారూ. అచ్చు మిషను నాకు కావలసొచ్చి, వేడిగా ఉండగానే ఐసునీళ్లలో పడేశాను. నాదేమో రాత్రంతా అచ్చులోనే చల్లారింది."

ఈ మాట సాయంత్రంలోగా ఊరికి అందజేయడానికి పైడమ్మగారు అప్పుడే చెంగు దోపుకున్నారు.

మాస్టారు నున్నటి నెయ్యి గిన్నె మీద మూత పెట్టి పక్కన ఉంచారు.

"వచ్చే ఆదివారం ఆ అబ్బాయిని భోజనానికి తీసుకురా. ఇది అతనికి నువ్వే వడ్డించాలి."