పెద్దయ్య గొంగడి

మోతీ పుండు మానడం లేదు. విఠలయ్య దిగులంతా అదే.

మంజీర ఒడ్డున మా మఠం ఉన్న రోజుల సంగతిది. మఠమంటే పెద్దదేమీ కాదు. మూడు మట్టి గదులు, ఒక వసారా, వెనక నేను వంట చేసే పాక. ఇప్పుడు తలుచుకుంటే భజనల కంటే ముందు గుర్తొచ్చేది మోతీ వెనక కాలు నేలకేసి టపటపా కొట్టుకునే చప్పుడు. రోజంతా గోక్కునేది. తోక మొదట్లో వెంట్రుకలన్నీ రాలి, తోలు ఎర్రబడి, రసి కారేది. అది కంటినిండా నిద్రపోవడం ఆ ఏడాది మేమెవరం చూడలేదు.

మోతీ పెద్దయ్య పెంచిన కుక్క. పెద్దయ్య అంటే ఆ మఠం కట్టిన ఎల్లదాసు. పోయేముందు తన సేవలో ఉన్న విఠలయ్య చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా చూసుకొమ్మని, "మోతీ పైలం బిడ్డా" అన్నాడు. అదే ఆఖరి మాట. ఆయన తర్వాత ఆయన శిష్యురాలు బాలమ్మ మాకు గురువయింది. సన్నటి మనిషి, మాట తక్కువ. నా పప్పులో ఉప్పు ఎక్కువైన రోజు మాత్రం నోరు బాగానే లేచేది.

విఠలయ్య చెయ్యని వైద్యం లేదు. వేపాకు కాచి స్నానం పోశాడు. కానుగ నూనె రాశాడు. పశువుల దవాఖానా నుంచి మందు తెచ్చాడు. వెంట్రుకల సందుల్లో నల్లగా, నువ్వుగింజ కంటే చిన్నగా, వేలికి దొరక్కుండా గెంతే పురుగుల్ని దువ్వి తీసి సబ్బునీళ్లలో ముంచాడు. మందు పడ్డాక కుక్క కాస్త తేరుకునేది. కొన్నాళ్లకే మళ్లీ టపటపా.

పెద్దయ్య ఆరాధన ఇంకా రెండు నెలలుందనగా ఊరి పెద్దలు వచ్చి తేల్చేశారు.

"పదూర్ల జనం వస్తరు, బంతి భోజనాలైతయ్. ఈ రసి కుక్క నడుమ తిరుగుడేంది? అప్పటికి నయం కాకుంటే ఇటుక బట్టీకాడ ఇడిసిపెట్టి రాండ్రి."

విఠలయ్యకు ఆ రోజు ముద్ద దిగలేదు. మర్నాడు పొద్దున్నే బాలమ్మ ముందు కూలబడ్డాడు.

"అమ్మా, పెద్దయ్య నాకు ఒక్కటే పని అప్పజెప్పి పోయిండు. అది గూడ నాతోని అయితలేదు. నా సేవల ఏం లోపమున్నదో చెప్పు."

బాలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"మోతీ యాడ పండుతది?"

"పెద్దయ్య గొంగడి మీద. అది మొదటి నుంచి ఆయన కాళ్లకాడ పండినదే గదా. ఎల్లగొట్టబుద్ధి కాదు."

ఆ గొంగడి గురించి చెప్పాలి. కురుమలు నేసి ఇచ్చిన నల్ల గొంగడి. పెద్దయ్య దానిమీదే కూర్చునేవాడు, దాన్నే కప్పుకునేవాడు, దానిమీదే ప్రాణం వదిలాడు. తర్వాత దాన్ని ఆయన అరుగు మీద పరిచి ఉంచాం. ఉతికితే ఆయన వాసన పోతుందని విఠలయ్య చుక్క నీరు తగలనిచ్చేవాడు కాదు. పౌర్ణమికి దులిపేవాడు. రాలిన నల్లటి పొడిని పెద్దయ్య పాదధూళి అంటూ ఇత్తడి గిన్నెలోకి ఎత్తి, వచ్చినవాళ్లందరి నొసటా పెట్టేవాడు. నేనూ భక్తిగా పెట్టించుకున్నాను. అరుగు దగ్గర కూర్చున్నవాళ్లకు పిక్కల మీద దద్దుర్లు వచ్చేవి. మంజీర దోమల్ని తిట్టుకునేవాళ్లం.

బాలమ్మ చేట పక్కన పెట్టింది. విఠలయ్య భుజం మీది తెల్ల తువ్వాల తీసుకుని, తడిపి, పిండి, గచ్చు మీద పరిచింది. ఆ గిన్నెలోని పొడి చిటికెడు తీసి దానిమీద చల్లింది.

"చూడు."

తడి గుడ్డ మీద నల్ల నలుసులు కరిగి, వాటి చుట్టూ ఎర్రగా పాకింది.

"ఏందమ్మా ఇది? కుంకుమనా?"

"నెత్తురు. మోతీది. పురుగులు తాగి ఏరిగిన పెంట."

విఠలయ్య చెయ్యి నొసటి మీదికి పోయింది. గుమ్మం వెనక నా చెయ్యీ పోయింది.

"కుక్కను కడుగుతున్నవ్. గుడ్లు, పిల్లలు అన్నీ గొంగడిల ఉన్నయ్. పెద్దయినంక బువ్వకు కుక్క మీదికి దుంకుతున్నయ్" అంది బాలమ్మ. తర్వాత నావైపు తిరిగింది. "పెద్ద గుండిగల నీళ్లు కాగబెట్టు."

"అన్నం గుండిగలనా!" అన్నాను.

"తోముతే పోతది. నీ వంటకంటే ఏం చెడ్డగుండదు."

నీళ్లు మరగసాగాయి. విఠలయ్య గొంగడి తెచ్చాడు గానీ గుండెకు హత్తుకుని వదలలేదు.

"ఒద్దమ్మా. ఆయన వాసన దీంట్లనే మిగిలింది. ఇది గూడ పోతే ఇగ మనకు ఏముంటది ఆయనది?"

చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చుట్ట పొగ, గొర్రె బొచ్చు, వానలో తడిసి వచ్చిన పెద్దయ్య. ఆ వాసన కోసం నేను కూడా ఎవరూ చూడకుండా ఆ అరుగు దగ్గరికి వెళ్లిన రోజులున్నాయి.

"పోయేటప్పుడు ఆయనేమన్నడు?" అంది బాలమ్మ.

"మోతీ పైలం అన్నడు."

"గొంగడి పైలం అన్నడా?"

పొయ్యి పక్కన మోతీ తన తోక మొదలు కొరుక్కుంటోంది. విఠలయ్య దానివైపు చాలాసేపు చూశాడు. గొంగడిలో ముఖం దాచి ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చాడు. తర్వాత తనే దాన్ని మరిగే నీళ్లలోకి వదిలాడు.

ఆ రోజే అరుగు నెర్రెలన్నీ గీకి మట్టితో మెత్తాం. చాపలు ఎండలో వేశాం. దవాఖానా మందు ఈసారి మోతీతో పాటు మఠం పిల్లికీ పట్టించాం. మొదటి వారాల్లో ఎక్కడ దాక్కున్నవో మళ్లీ కొన్ని గెంతుతూ కనబడ్డాయి. విఠలయ్య డీలా పడ్డాడు. "ఊడ్సుడు ఆపకు" అని మాత్రం అంది బాలమ్మ. అతను ఆపలేదు.

గొంగడి సంగతేమయిందంటే, ఉన్ని కదా, ఉడికి ముడుచుకుపోయింది. నిలువెత్తు మనిషిని కప్పినది గోనెసంచి అంతయింది. ఆరాక విఠలయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బాలమ్మ వచ్చి, అందుకుని, అరుగు కింద పరిచింది. మోతీ రెండుసార్లు చుట్టూ తిరిగి, దానిమీద ముడుచుకుంది. సరిగ్గా సరిపోయింది.

ఆరాధన నాడు జనం బాగా వచ్చారు. అరుగు ఖాళీగా ఉండటం చూసి కొందరు గుసగుసలాడారు. పాదధూళి ఉండే ఇత్తడి గిన్నెలో కుక్కకు నీళ్లున్నాయి. చేతినిండా గాజులేసుకున్న ఒక ముసలమ్మ విఠలయ్యను ఆపింది.

"పెద్దయ్య గొంగడేది బిడ్డా? మొక్కుకుంట."

విఠలయ్య అరుగు కిందికి చూపించాడు. మోతీ నాలుగు కాళ్లూ చాపుకుని, నోరు కొంచెం తెరిచి పడుకుని ఉంది. తోక మొదట్లో కొత్త బొచ్చు వచ్చింది.

ముసలమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత గాజులు గలగలమనగా వంగింది.

విఠలయ్య గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మెల్లగ మొక్కు అవ్వా" అన్నాడు. "పండుకున్నది."