రాజుగారి కోటలో రెండో బంతి

అనగా అనగా, మన గోదారి ఇంక నడవలేనని సముద్రంలో ఒరిగిపోయే చోట ఒక ఊరు. యానామే అనుకోండి. దొరబాబూ, పొట్ట పట్టుకుని మెలికలు తిరిగింది చాలు, ఇటు తిరుగు. సాయంత్రం చిట్టి గుటకలు మింగుతూ చూస్తుంటే పూతరేకులన్నీ ఒక్కడివే తిన్నావు, నెప్పెట్టక ఏం చేస్తుంది? కథ వింటే తగ్గుతుందిలే. ఊ కొట్టండి ఇద్దరూ.

ఆ యానాంలో పెళ్ళిళ్ళకి వంటలు చేసే ఇంటికి గున్నమ్మ అని ఒక కొత్త కోడలొచ్చింది. పెళ్ళిపందిట్లోకి ఒక్కసారి తొంగిచూసిందంటే చాలు, ఎన్ని ఆకులు పడతాయో, ఎంత బియ్యం పొయ్యాలో అక్కడే చెప్పేసేది. మొగుడు పోలయ్య బంగారంలాంటివాడు, చేతిలో రుచుంది, లెక్క మాత్రం లేదు. తలలు లెక్కపెట్టమంటే తన తల మర్చిపోయేవాడు. అది గుర్తుచేస్తే రెండుసార్లు లెక్కేసుకునేవాడు.

అప్పట్లో యానాం ఫ్రాన్సు వాళ్ళది. ఒక పెళ్ళిలో ఆ దేశం ఓడ కెప్టెను వీళ్ళ పులుసు తిని, ఆకు మీద వేలితో గీసి గీసి నాకాడు. నాకి ఏమన్నాడంటే, మా రాజుగారికి తిండి సయించడం లేదు, వైద్యులంతా చేతులెత్తేశారు, మీరొచ్చి వండండి, ఆయన ఒక్కపూట కడుపారా తింటే మా ఓడలోనే మిమ్మల్ని ఇంటికి దింపుతాను, తినకపోతే మాత్రం కోటలో గిన్నెలు తోముకుంటూ అక్కడే ఉండిపోవాలి అన్నాడు. కడుపారా తింటే అనే దాకా విని పోలయ్య సరేనని తలూపేశాడు. మిగతాది వినలేదు.

"నీ తల కొబ్బరిమట్టా మావా, గాలేసినప్పుడల్లా ఊగడానికి?" అంది గున్నమ్మ.

"రాజుగారు తినకపోతే కదే. మన వంట తినకపోవడమేంటి?"

అంతకుముందు రోజే గున్నమ్మ ఆవకాయ కలిపి జాడీలో పెట్టింది. మూడోరోజు తిరగకలపాలి. ఆ మాట చెబుతూనే ఉంది, ఓడెక్కించేశారు. సముద్రమంతా దాటినా ఆవిడ మనసు మాత్రం ఆ జాడీ మీదే ఉంది.

ఊ కొడుతున్నారా? కొట్టాలి మరి.

వెళ్ళారు. ఆ కోట ఎంతుందంటే, ఈ చివర తుమ్మితే ఆ చివరవాడికి మర్నాడు వినపడేదిట. అక్కడివన్నీ వింత మర్యాదలు. తలుపు కొట్టకూడదు, చిటికెనవేలి గోటితో గీకాలి. పోలయ్య మొదటిరోజు గీకితే లోపలున్న దొరసాని పిల్లి అనుకుని పాలగిన్నె బయటపెట్టింది. తాగేసి దణ్ణం పెట్టి వచ్చాడు. కత్తి కట్టుకోనివాణ్ణి లోపలికి రానివ్వరు, కానీ గుమ్మం దగ్గరే కత్తులూ టోపీలూ అద్దెకిస్తారు. ఇంకోటేమిటంటే, దొరలూ దొరసానులూ నెత్తి మీద పెట్టుడుజుట్టు పెట్టుకుని దాని మీద పిండి జల్లుకుంటారు. నిజం పిండే. దానికో కొట్టు, కొట్టుకో తాళం, తాళానికో మనిషి.

"తినే పిండి నెత్తినా?" అని గున్నమ్మ నోరు నొక్కుకుంది. ఎందుకంటే వస్తూ వస్తూ దారిలో చూసింది. ఆ ఏడు వడగళ్ళు పడి గోధుమచేలు పోయాయి. ఊళ్ళల్లో రొట్టె దొరక్క జనం వీధుల్లో గుంపులు గుంపులుగా నిలబడి కోట వైపు చూస్తున్నారు. ఆ చూపులు రోజురోజుకీ ముదురుతున్నాయి.

సరే, పోలయ్య చింతపండు పులుసు పెట్టాడు. ఘుమఘుమలాడిపోతోంది. మరి వంటిల్లెక్కడ, రాజుగారెక్కడ? వంటాయన గిన్నెలాయనకిచ్చాడు. గిన్నెలాయన మూతలాయనకిచ్చాడు. మూతలాయన వంగి దణ్ణం పెట్టి కర్రాయనకిచ్చాడు. కర్రాయన ముందు, కత్తులాళ్ళు వెనక, వీధి దాటి, మెట్లెక్కి, హాలు దాటి, హాలు దాటి, ఇంకో హాలు దాటి, రుచిచూసేవాయన ఓ చెంచా తాగి, చావలేదని నలుగురూ రూఢి చేసుకున్నాక అప్పుడు రాజుగారి ముందుకి. అప్పటికి పులుసు మీద నూనె గడ్డకట్టింది. రాజుగారు చెంచా ముంచారు, తీశారు, బల్ల మీద పెట్టేశారు.

మర్నాడు కోడి వండారు. వంటాయన గిన్నెలాయనకి, గిన్నెలాయన మూతలాయనకి, మూతలాయన కర్రాయనకి, హాలు దాటి, హాలు దాటి... ఏమైంది చిట్టీ? ఆఁ, చల్లారిపోయింది. పెట్టేశారు.

ఇలా కాదని గున్నమ్మ ఒక టోపీ, ఒక కత్తీ అద్దెకి తీసుకుని, రాజుగారు ఎలా తింటారో తన కళ్ళతో చూద్దామని వెళ్ళింది. చూస్తే ఏముంది, ఇంత పొడుగు బల్ల దగ్గర ఆయనొక్కడే. పాతికేళ్ళు లేవు పాపం, కుర్రాడు. కొయ్యకంచె అవతల ఊరి జనం నిలబడి ఆయన తినడం చూస్తున్నారు. అది అక్కడి ఆచారం. రాజు భోజనం ఎవరైనా చూడొచ్చు, తినడానికి మాత్రం లేదు. ఆయన చెంచా ఎత్తితే జనమంతా నోరు తెరుస్తున్నారు, దింపితే గుటక వేస్తున్నారు. చంకన పిల్లనెత్తుకుని మార్గో అనే చేపలమ్మే ఆవిడ ముందునుంది. ఆ పిల్ల ఎత్తిన చెయ్యి రాజుగారి పళ్ళెం వైపు అలాగే ఉంది, దించలేదు.

గున్నమ్మ వంటింటికి పరిగెత్తుకొచ్చింది. "మావా, ఆయనకి జబ్బూ లేదు పాడూ లేదు. దిష్టి. అంతమంది చూస్తుంటే ముద్ద ఎలా దిగుతుంది?"

అంతే, గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు తీసుకుని రాజుగారి గుమ్మం దగ్గర అటు తిప్పి ఇటు తిప్పి, చలిమంటల పొయ్యిలో పడేసింది. ఇంక చూడండి. రాజుగారు దగ్గు, మంత్రిగారు దగ్గు, కర్రాయన దగ్గు, కత్తులాళ్ళు దగ్గు. దొరసానుల పిండంతా రాలి నల్లజుట్టులు బయటపడ్డాయి. మంత్రిగారు కళ్ళు తుడుచుకుంటూ, వీళ్ళు వండటానికి రాలేదు, చంపడానికొచ్చారు, రేపు రాజుగారు తినకపోతే వీళ్ళని కింద అంట్లగదిలో పడేసి తాళమెయ్యండి అన్నాడు. ఓడేమో ఎల్లుండి వెళ్ళిపోతోంది.

పోలయ్య మూలన చతికిలబడి ఏడుపు. గున్నమ్మ ఏడవలేదు, ఆలోచిస్తోంది.

"మావా, అందరూ దగ్గారు కదా?"

"దగ్గుతూనే ఉన్నారు."

"దిష్టి ఉంటే మిరపకాయ ఘాటు రాకూడదు కదా. మనింట్లో అత్తయ్య తీసినప్పుడు ఎవరం దగ్గం."

"దగ్గం."

"అయితే ఇది దిష్టి కాదు. ఆ చూపుల్లో చెడ్డేం లేదు. అది ఆకలి." అంది. వండటానికొచ్చినప్పట్నుంచీ ఒక్క మనిషి గురించే ఆలోచించింది. పందిట్లోకి తొంగిచూసి ఒక్క ఆకే లెక్కపెట్టుకున్న వంటవాళ్ళెవరైనా ఉంటారా? తన మీద తనకే నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఏమైందో చెప్పనా? చలిలో, వానలో, ఊరూరి ఆడాళ్ళంతా కలిసి కోట మీదకొచ్చేశారు. వాళ్ళు గోటితో గీకలేదు, గరిటెలతో తలుపులు బాదారు. ఒకావిడ చేతిలో పెనం, ఒకావిడ చేతిలో పెద్ద గరిటె, ఒకావిడ చేతిలో కూరగాయల కత్తి. ముందు మార్గో. రొట్టె ఇవ్వండి, లేకపోతే రాజునే ఈడ్చుకుపోతాం అని ఆ భాషలో అరుస్తున్నారు. దొరలు బల్లల కింద దూరారు. మంత్రిగారు తుపాకులవాళ్ళని మెట్ల మీద నిలబెట్టాడు. ఇంకాస్తుంటే పేల్చమనేవాడే.

గున్నమ్మ ఆ గోల విని వంటింట్లోంచి బయటికొచ్చింది. ఓడలో కళాసీల దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలు తప్ప ఆవిడకి భాష రాదు. ఏం చూసింది? ఆడాళ్ళు, చేతుల్లో పెనాలు, గరిటెలు, కత్తులు. మన వైపు పెళ్ళైతే ఇరుగుపొరుగు ఆడాళ్ళు ఏం తెచ్చుకుని వస్తారు? అవే. ఎవరి కత్తిపీట వాళ్ళు, ఎవరి గరిటె వాళ్ళు. వంటకి సాయమొచ్చారనుకుంది పిచ్చితల్లి. దేశంకాని దేశంలో ఇంతమంది పిలవకుండా వచ్చారని ఆవిడ కళ్ళు చెమర్చాయి.

తుపాకులవాళ్ళ మధ్యలోంచి దూరి కిందకి దిగి, "పనిలోకొచ్చినోళ్ళకి ఎదురు తుపాకులేంటయ్యా, తప్పుకోండి" అని కసిరింది. మార్గో దగ్గరికెళ్ళి చంకలో పిల్లని తనెత్తుకుని, ఆవిడ చేతిలో పెనం తిప్పి చూసి, బాగుంది, మందం సరిపోయింది అన్నట్టు తలూపింది. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. ఇంట్లోకి రమ్మన్నవాళ్ళతో దెబ్బలాడటం ఎలాగో మార్గోకి తెలీదు. ఆవిడ వెనక మిగతావాళ్ళు. తుపాకులవాళ్ళు మంత్రిగారి వంక చూశారు. మంత్రిగారు తన బూట్ల వంక చూసుకున్నాడు.

"మావా, ఎంతమందున్నారో చూసిరా."

చూశారా, తొందరలో ఎవర్ని పంపిందో? వంటింట్లో పట్టనివాళ్ళంతా నిలబడ్డ అద్దాల హాల్లోకి పోలయ్య తొంగిచూశాడు. అక్కడ గోడంతా అద్దాలు. ఇటు జనం, అటు అద్దాల్లో జనం. వీళ్ళు బారులు తీరితే వాళ్ళూ బారులు తీరారు. అందర్నీ లెక్కేసుకొచ్చి చెప్పాడు.

రొట్టె పొంగాలంటే పూట పడుతుంది, అట్లు పోసేద్దాం అంది గున్నమ్మ. పిండేదీ? తాళాలాయన ఎదురుగానే నిలబడి ఉన్నాడు. వచ్చిన నాలుగు ముక్కలకీ చేతిసైగలు కలిపి జుట్టుపిండి కొట్టు తియ్యమంది. అది దొరల నెత్తికమ్మా అన్నాడాయన. ఇవాళ పొట్టకి అంది. ఆ పిండి నెత్తిన జల్లుకోవడానికి అడిగినవాళ్ళని ఆయన చాలామందిని చూశాడుగానీ, తినడానికి అడిగినవాళ్ళని ఎప్పుడూ చూడలేదు. తీశాడు. ఎవరు తెచ్చిన పెనం మీద వాళ్ళు పోస్తున్నారు. చుయ్యి, చుయ్యి, చుయ్యి. ఓ పక్క పప్పుచారు మరుగుతోంది. అరిటాకులు లేవు కాబట్టి క్యాబేజీ ఆకులు పరిచారు. జనాన్ని హాల్లో వరసగా కింద కూచోబెట్టారు.

అప్పుడు గిన్నెలాయనకి చారు గిన్నె, మూతలాయనకి అట్ల పళ్ళెం, కర్రాయనకి నీళ్ళ కూజా ఇచ్చింది. ఒకళ్ళకొకళ్ళు అందించుకోవడం లేదు, ఎవరి వరస వాళ్ళదే, నడవండి అంది. కర్రాయన కర్రెక్కడ పెట్టాలో తెలీక చంకలో పెట్టుకుని వంగి నీళ్ళు పోశాడు.

రాజుగారు గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడి ఉన్నారు. కూర్చోబోయారు.

"మీరు కాదు బాబూ. ఇల్లు ఎవరిది? మీదే కదా. వచ్చినోళ్ళు తినకుండా ఇంటాయన కూచుంటారా?" అని చేతిలో వెన్నగిన్నె పెట్టింది గున్నమ్మ.

ఆయన వంగి ఎరగడు. మొదటి ఆకు దగ్గర వెన్న నేలమీద పడింది, రెండోది మార్గో ఒళ్ళో పడింది. "చెయ్యి కిందకి దింపు బాబూ" అంది మార్గో. ఈడ్చుకుపోతానన్న మనిషే. దింపాడు. మార్గో పిల్ల వెన్న వేలితో నాకి, ఇంకా అని ఆకు చూపించింది. రాజుగారు నవ్వారు. ఆయన నవ్వడం చూసి బల్లల కిందున్న దొరలు ఒక్కొక్కళ్ళే బయటికొచ్చారు.

ఇంతలో పోలయ్య లబోదిబోమంటూ వచ్చాడు. "ఒసే, సగంమంది గాజువాళ్ళే. ఆకు పెడితే తియ్యడం లేదు." కుండలు కుండలు పిండి మిగిలిపోయింది. గున్నమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. పెట్టుకున్న చెయ్యి తియ్యకముందే, అట్ల వాసనకి గేటు బయటున్న మగాళ్ళూ, పిల్లలూ, ముసలాళ్ళూ, వాళ్ళతోబాటు తుపాకులవాళ్ళూ లోపలికొచ్చేశారు. రెండో బంతి. సరిగ్గా సరిపోయింది. ఆ ఒక్కసారీ పోలయ్య లెక్క తప్పయి ఒప్పయింది.

అందరూ లేచాక, ఆ వరసలన్నీ తిరిగి తిరిగి నడుం పట్టేసిన రాజుగారు వంటింట్లోకొచ్చి, పొయ్యి పక్కనే చతికిలబడి, ఏమన్నా మిగిలిందా అని అడిగారు. మూతల్లేవు, కర్రల్లేవు, హాళ్ళు లేవు. పెనం మీంచి తిన్నగా ఆకులోకి. తిన్నారు. చారు ఘాటుకి ముక్కు కారుతుంటే తిన్నారు. మారు అడిగారు, మళ్ళీ మారు అడిగారు. చివర్న బ్రేవుమన్నారు. అది విని రుచిచూసేవాయన సంతోషం పట్టలేక ఏడ్చేశాడు.

అప్పుడు రాజుగారు గోధుమకొట్లన్నీ తీయించారు. ఇక నెత్తికి పిండి లేదన్నారు. ఆ కొయ్యకంచె పీకించి మార్గో వాళ్ళకి పొయ్యిలోకిచ్చారు. కోటలో రోజూ రెండో బంతి ఉండాలనీ, మొదటి బంతిలో తను కూర్చోననీ చెప్పారు. మంత్రిగారు అద్దెకత్తులన్నీ తీసుకెళ్ళి వంటింట్లో క్యాబేజీ తరగడానికిచ్చాడు. ఆ దేశంలో ఇప్పటికీ పల్చటి అట్లు పోస్తారట. అది మన గున్నమ్మ నేర్పిందేనని నేనంటాను, మీ తాతయ్య ఒప్పుకునేవాడు కాదు.

ఓడ? ఎల్లుండి అన్న ఓడ ఆ ఎల్లుండే కదిలింది, వీళ్ళిద్దర్నీ ఎక్కించుకుని. గున్నమ్మ గుమ్మంలో అడుగుపెడుతూనే, అత్తయ్యా, ఆవకాయ అంది. మూడోరోజునే తిరగకలిపాను లేవే, ముందు కాళ్ళు కడుక్కో, వడ్డిస్తాను అంది అత్తగారు. ఆ మాట వినే దాకా ఇంటికొచ్చానని ఆవిడకి అనిపించలేదట.

అందుకే, ఎదురుగా ఒకళ్ళు చూస్తుంటే ముందు వాళ్ళ చేతిలో కాస్త పెట్టి తినాలి నాన్నా. అప్పుడే మనకీ ఒంటబడుతుంది. ఏంటి దొరబాబూ, దిండు కింద తడుముతున్నావు? ఆఁ, పూతరేకొకటి దాచావూ. విరిచి చిట్టికి పెద్ద ముక్కియ్యి. నాకొద్దులే, నాది ఆఖరి బంతి.

కథ ఓడెక్కి కంచికి పోయింది. మనం మూతి తుడుచుకుని దుప్పట్లోకి పోదాం.