తగ్గించి చెప్పిన వయసు

మాణిక్యాంబ గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా తమ మనసులోని చెడ్డగుణం గురించి అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఒడిలోని పూలు కట్టడం ముగించి, ఎక్కడో జరిగిన చిన్న సంగతి ఒకటి చెప్పేవారు. అమలాపురంలో వారి ఇంటి వసారాలో మేం శుక్రవారాలు కూర్చునేవాళ్ళం. ఒకనాడు హైమవతి అనే శిష్యురాలు అడిగింది: "అమ్మగారూ, నాకు అసూయ ఉంది. కానీ ఎవరికీ కీడు తలపెట్టను, పైకి ఒక్క మాట అనను. మనసులోనే పడి ఉంటే దానివల్ల నష్టమేమిటండీ?"

అది ఏ నెలలో అడిగిందో ఇప్పుడు నాకు తట్టడం లేదు. అమ్మగారు చెప్పింది మాత్రం గుర్తుంది, గుర్తుండగానే రాస్తున్నాను.

ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దామె సుభాషిణికి చాలా ఏళ్ళ ఎదురుచూపు తరవాత కడుపు పండింది. ఆ సంతోషం ఇంట్లో నిలవకముందే, నిరుడు కాపురానికొచ్చిన చిన్నకోడలు లాస్య కూడా నెల తప్పింది. అత్తగారు ఇద్దరికీ కలిపి ఒకే గిన్నెలో పాయసం కాచింది. తనకొక్కదానికే రావలసిన పాయసంలో సగం పోయినట్టు సుభాషిణికి అనిపించింది.

మూడో నెలలో డాక్టరమ్మ ఇద్దరికీ ఒక రక్తపరీక్ష రాసింది. బిడ్డకు పుట్టుకతో వచ్చే కొన్ని లోపాలు ఉండే అవకాశం ఎంతో చెప్పే పరీక్ష అది. రక్తం తీసే గదిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అక్కడి అమ్మాయి వయసు అడిగింది. "ఇరవై నాలుగు" అంది లాస్య, ఇంటిపేరు చెప్పినంత తేలిగ్గా. ఆ తేలికే సుభాషిణికి గుచ్చుకుంది. తనకు ముప్పై ఎనిమిది. "ముప్పై ఒకటి" అంది.

"అంతేనా అక్కా! బాగా పెద్దదానివనుకుని ఇన్నాళ్ళూ నీకు అనవసరంగా భయపడ్డానే" అని నవ్వింది లాస్య.

ఫలితాలు వచ్చాయి. ఇద్దరికీ భయం తక్కువే అంది డాక్టరమ్మ. "అయితే ఇది బిడ్డను చూసి చెప్పిన మాట కాదమ్మా. రక్తంలో కనపడినదీ, స్కానింగులో కొలతలూ, తల్లి వయసూ కలిపి కట్టిన లెక్క. ఎక్కువని వస్తే తేల్చుకోవడానికి వేరే పరీక్ష ఉంది, కానీ దానికి వేళ దాటిపోకూడదు." సుభాషిణి తల ఊపి, ఫలితం కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం అత్తగారు ఇరుగుపొరుగుకు పూతరేకులు పంచింది. లాస్య రెండు తిని గురకపెట్టి నిద్రపోయింది. నిన్నటిదాకా సుభాషిణికి తోడికోడలి వయసు మీద అసూయ; ఇప్పుడు ఆ నిద్ర మీద. తనకూ అదే మంచి మాట వచ్చింది. కానీ అది ముప్పై ఒక్కేళ్ళ ఆవిడెవరికో వచ్చిన మాట. అలాంటి ఆవిడ ఆ ఇంట్లో లేదు. తన కడుపులోని బిడ్డ గురించి తనకు ఇంకా ఏమీ తెలియదు.

నాలుగు రోజులు ఓర్చుకుని, చివరికి ఆస్పత్రికి బయల్దేరింది. ఒంటరిగా వద్దని అత్తగారు లాస్యను తోడు పంపింది. వద్దంటే ఎందుకో చెప్పాలి. అదే గది, అదే అమ్మాయి. లాస్య భుజానికి భుజం ఆనించి నిలబడింది. సుభాషిణి చేతిలోని కాగితం మడతలు విప్పి మళ్ళీ మడిచింది.

"చెప్పక్కా, ఏమిటి?" అని తొందరపెట్టింది లాస్య.

"నా వయసు ముప్పై ఎనిమిది" అంది సుభాషిణి. "ఆరోజు తప్పు చెప్పాను."

"రక్తం మళ్ళీ తియ్యక్కర్లేదండీ. వయసు సరిచేసి లెక్క మళ్ళీ కడతారు" అంది ఆ అమ్మాయి.

లాస్య ఈసారి నవ్వలేదు. కుర్చీ లాగి అక్కను కూర్చోబెట్టింది.

ఇంతవరకు చెప్పి మాణిక్యాంబ గారు ఆగిపోయారు. హైమవతి ఉండబట్టలేక, "ఇంతకీ ఆ లెక్క ఏమని వచ్చిందండీ?" అంది.

"ఏమని వచ్చినా, ఈసారి వచ్చింది తన లెక్కమ్మా" అన్నారు అమ్మగారు.