తెల్లమ్మ రెండో చెయ్యి

ఒకప్పుడు మన రక్తంలో కావలి తిరిగే తెల్లకణాలకి ఒక్కటంటే ఒక్కటే చెయ్యి ఉండేదర్రా. కళ్ళు ముందే లేవు! వచ్చినవాణ్ణి తడిమి చూడటం, పరాయివాడనిపిస్తే మంట పెట్టడం. వాటికి తెలిసిందల్లా అంతే.

వాటిలో తెల్లమ్మ అని ఒకతి ఉండేది. మనసు వెన్న, తొందర మాత్రం ఎక్కువ. నూకాలు అనే పిల్ల ఊపిరితిత్తిలో దాని కాపలా.

ఓనాడు నూకాలు తడిసి ముక్కిన గడ్డి దులుపుతుంటే బూజు పొడి గుప్పున ముక్కులోకి పోయింది. ఆ బూజుగాడు ఎంత గడుసువాడనుకున్నారు! ఒంటినిండా నున్నటి పట్టుకండువా కప్పుకుని మరీ వచ్చాడు.

తెల్లమ్మ తడిమింది. "అబ్బ, ఎంత మెత్తగా ఉన్నావు! మనవాడివే. రా బాబూ, కూర్చో" అంది.

కూర్చుంటాడా వాడు? వేళ్ళు దించి, కొమ్మలేసి, ఊపిరితిత్తంతా అల్లుకుపోయాడు. నూకాలుకి ఊపిరాడలేదు.

మనవాడెవడో పరాయివాడెవడో తెలియక తెల్లమ్మ కంగారు పడిపోయింది. ఇక చూస్కోండి, చెయ్యి తగిలిన చోటల్లా మంటే! కండువా చాటున ఉన్న బూజుగాడికి ఏమీ కాలేదు గానీ ఊపిరితిత్తి కమిలిపోయింది.

"ఆపవే తల్లీ!" అని ఊపిరితిత్తి ఏడ్చింది. "వాడికన్నా ముందు నువ్వే నన్ను చంపేలా ఉన్నావు. పిల్ల పోతుందే!"

తెల్లమ్మ బావురుమంది. "నాకు మంట పెట్టడం ఒక్కటే వచ్చు అత్తా. ఏం చెయ్యను?"

"చీర కొనేటప్పుడు పై నిగనిగ చూసి మురిసిపోతారటే ఎవరైనా? అంచు తిరగేసి లోపలివైపు తడిమి చూడరూ? వాడి కండువా కూడా అలాగే చూడు. మంట పెట్టాక నా మీద ఓ చెయ్యి వేసి ఉంచు. నేను కాలుతుంటే ఆపెయ్."

"రెండు పనులు ఒక్క చేత్తోనా?" అంది తెల్లమ్మ. అయినా నూకాలంటే ప్రాణం కదా, ముక్కీ మూలిగీ ఇంకో చెయ్యి మొలిపించుకుంది.

మొదటి చేత్తో కండువా అంచు తిరగేసింది. "అయ్యబాబోయ్, లోపలంతా గరుకే! దొంగ సచ్చినోడా!" అంటూ వాడున్న చోటే మంట పెట్టింది. రెండో చెయ్యి ఊపిరితిత్తి మీద వేసింది. వేడి ఎక్కువైనప్పుడల్లా "చాలు, చాలు" అని తనే చల్లార్చింది. కాసేపటికి బూజుగాడు మాడి మసైపోయాడు.

నూకాలు గట్టిగా ఊపిరి పీల్చుకుని, "అమ్మా, ఆకలే!" అంది.

అది చూసి మిగతా కణాలు కూడా ఒకటి తర్వాత ఒకటి చేతులు మొలిపించుకున్నాయి. అప్పటినుంచే తెల్లకణాలకి ఒంటినిండా చేతులు. మీ మోకాలు దోక్కుపోతే ఎర్రగా వాచి, వేడెక్కి, మళ్ళీ మెల్లగా తగ్గిపోతుందే, అదంతా వాటి పనే. లోపల మీ తెల్లమ్మ ఒక చేత్తో పోట్లాడుతూ, రెండో చేత్తో మిమ్మల్ని నిమురుతూ ఉంటుంది.