తొండరాజుకి పడని మాట

ఒకప్పుడు తొండకి మెడ వంగేది కాదు. కర్రలా బిగుసుకుని ఉండేది. అదే రాజలక్షణమని తనే చెప్పుకుని, జొన్నచేను గట్టున ఉన్న హద్దురాయి ఎక్కి రాజైపోయింది. తొండరాజుగారికి ప్రజలంటే ప్రాణం. పొద్దున ఇరవై చీమల్ని, సాయంత్రం ఇరవై చీమల్ని తింటే గానీ ఉండలేకపోయేవారు.

ఆ చేలో నూకాలు అనే చీమ ఉండేది. బరువులు మోసే చీమలకి ఆమే పెద్ద. పదిమంది కలిసి జొన్నగింజ మోసుకొచ్చాక ఆమె "దించండి" అనేది. అందరూ ఒక్కసారే దించేవారు.

ఒకరోజు ఆ మాట రాజుగారి చెవిన పడింది. కప్పమంత్రిని పిలిచి, ఎవరిని దించమంటున్నారో కనుక్కోమన్నారు. గింజనేనని కప్ప చెప్పింది. రాజుగారు నమ్మలేదు. చెప్పిందల్లా నమ్మేస్తే ఇక రాజెలా అవుతారు? ఇకమీదట ఎవరూ ఆ మాట అనకూడదని దండోరా వేయించారు.

ఆ తర్వాత డేగ వచ్చినప్పుడు తల దించుకోమని పిల్లలకి చెప్పలేక, తల్లిపిచ్చుక రెక్కలాడించి సైగలు చేసేది. రాజ్యం ప్రశాంతంగా ఉందని కప్ప రోజూ విన్నవించేది.

నూకాలు గింజ దగ్గర గొంతు సవరించుకుని ఊరుకునేది. సగంమంది వదిలేవారు, సగంమంది పట్టుకునేవారు. అలా ఓనాడు గింజ దొర్లి ఆమె చెల్లెలు పైడితల్లి కాలు విరిగింది.

నూకాలు చెల్లెల్ని వీపున వేసుకుని నేరుగా హద్దురాయి దగ్గరికి నడిచింది. భయం వేయకపోలేదు. రాజుగారు ఇంకా ఫలహారం చేయలేదు మరి. వెనకాలే చేనంతా కదిలొచ్చింది.

"ఆ మాటలో తప్పేముంది దొరా?" అంది నూకాలు. "మేం బరువు దించుతాం. మనుషులు పొయ్యి మీంచి కుండ దించుతారు, చెట్టు మీంచి తాటిగెల దించుతారు. సిగ్గేస్తే ఎవరైనా తల దించుతారు. ఇందులో తమరికి తగిలేది ఏదో చెప్పండి."

రాజుగారి గొంతు ఎర్రగా ఉబ్బింది. "నాకు తెలీదనుకున్నావా? మీరంటున్నది గద్దె దించడం గురించి."

ఆ మాటకి అలాంటి వాడుక కూడా ఉందని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. పాపం, రాజుగారే దగ్గరుండి నేర్పించారు.

నూకాలు చెల్లెల్ని మెల్లగా కింద కూర్చోబెట్టింది. వెనక్కి తిరిగి చూసింది. వేల చీమలు.

"దించండి," అంది.

అందరూ ఒక్కసారే రాయి ఎక్కారు. కుట్టినచోట కుట్టకుండా కుట్టారు. రాజుగారు దబ్బున కింద పడ్డారు. అందరికంటే ముందు జేజేలు కొట్టింది కప్పమంత్రే.

చంపేద్దామన్నారు కొందరు. నూకాలు వద్దంది. పైడితల్లి ముందు ఒక్కసారి తల దించితే చాలంది.

బిగుసుకున్న మెడ పటపటలాడుతుండగా రాజుగారు తల దించారు. మరుక్షణమే పరువు గుర్తొచ్చి ఎత్తేశారు. మళ్లీ దించమన్నారు. దించారు, ఎత్తారు. ఎంతసేపటికీ అదే వరస. చూసి చూసి విసుగొచ్చి, చీమలు పైడితల్లిని ఎత్తుకుని పనిలోకి వెళ్లిపోయాయి.

అప్పటినుంచే తొండ ఏ రాయి ఎక్కినా తల దించుతుంది, వెంటనే ఎత్తుతుంది. మధ్యమధ్య గొంతు ఎర్రబడుతుంది. ఓడిపోయానంటోందో, ఇంకా నేనే రాజునంటోందో ఎవరికీ తెలీదు. చీమలకి ఆగి అడిగే తీరిక లేదు.