రెండు ఎర్ర గీతలు

కొండమీద దేవుడికి బట్టలు నేసే ఇల్లు ఒకటి ఉండేది. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ పదహారో ఏట ఒక బట్ట నేయాలి. దాని అంచు మీద చిలకల జంట ఉండాలి. పండగనాడు దేవుడు ఆ బట్టను ఒక పూట కట్టుకుంటాడు. ఆ తర్వాత అదే ఆ పిల్లవాడి పెళ్ళిబట్ట.

జంటలో మగచిలకకు మెడ చుట్టూ ఎర్ర గీత ఉంటుంది, ఆడచిలకకు ఉండదు. ఆ ఎర్ర దారం విషయంలో ఆ ఇంటికో పద్ధతి ఉంది. తండ్రి పెళ్ళిబట్టలో మిగిలిన కొసకు కొత్త ఎర్ర దారం ముడివేసి, ఆ ముడి దగ్గరనుంచి కొడుకు గీత నేస్తాడు. తండ్రి బట్ట మగ్గం కింద పెట్టెలో, కొడుకు బట్ట మగ్గం మీద, మధ్యలో దారం. పండగనాడు కొడుకు ముందు నడుస్తాడు, తండ్రి తన బట్ట భుజాన వేసుకొని వెనక నడుస్తాడు. గుడి మొదటి మెట్టు దగ్గర తండ్రి కత్తెరతో ముడి కోస్తాడు. అక్కడినుంచి కొడుకు ఒక్కడే పైకి పోతాడు.

ఆ ఏడు వంతు వచ్చిన అబ్బాయి నెలరోజులు ఎవరినీ మగ్గం దగ్గరికి రానివ్వలేదు. పోగు పోగునూ రెండుసార్లు బిగించి కొట్టాడు. పండగనాటి పొద్దున బట్ట మీద కప్పిన గుడ్డ తీశాడు.

మొదట చూసింది మేనత్త. "తమ్ముడూ, ఇటు రా. నీ కొడుక్కి ఆడచిలక ఎట్లా ఉంటుందో తెలియనట్టుంది. రెంటికీ గీత పెట్టాడు."

"తెలుసత్తా. తెలిసే పెట్టాను," అన్నాడు అబ్బాయి.

తండ్రి దగ్గుతూ వచ్చాడు. ముప్పై ఏళ్ళ నూలుదుమ్ము ఆయన ఛాతీలో ఉంది. అంచును చాలాసేపు చూశాడు.

"ఈ రెండోది ఎవరు?"

"రంగులద్దేవాళ్ళ అబ్బాయి. నాకు పెళ్ళికూతుర్ని వెతకొద్దు నాన్నా. నేను ఇష్టపడింది అతన్ని."

తండ్రి చేతులు కడుక్కున్నాడు. దేవుడి పటం ముందు నిలబడ్డాడు. మళ్ళీ వచ్చి చేతులు కడుక్కున్నాడు.

"దేవుడు ఇది కట్టడు."

"ఆయన ఏ బట్టనైనా వద్దన్నాడా ఎప్పుడైనా? ఆయన బదులు మనమే చెబుతున్నాం."

"నాకు నేర్పకు. ఆ గీత తీసెయ్. తియ్యకపోతే ఈ ఇంట్లో నీకు చోటు లేదు. నీ వెనక నేను రాను."

ఈ ఇల్లు తప్ప అబ్బాయి వేరే ఇంట్లో ఒక్క రోజు పడుకున్నవాడు కాడు. అయినా చెయ్యి బట్ట మీదనుంచి తీయలేదు.

"ఒక్క గీతే కదరా," అంది మేనత్త, ఈసారి మెల్లగా. "సూదితో పీకేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"చిలకకు తెలుస్తుంది అత్తా."

ఆ మాటతో తండ్రి ఓపిక అయిపోయింది. వేలాడుతున్న ఎర్ర దారాన్ని ముడి దగ్గర పట్టుకొని లాగాడు. దారం వచ్చింది. ఇంకా లాగాడు, ఇంకా వచ్చింది.

"చూశావా, ఎంత తేలిగ్గా వస్తోందో. నిలిచే నేతైతే ఇట్లా వస్తుందా?"

అబ్బాయి తన బట్ట వైపు చూశాడు. ఒక్క పోగు కూడా కదలలేదు. అప్పుడు కింద పెట్టె వైపు చూశాడు.

"నాన్నా, ఆగు."

తండ్రి ఆగలేదు. పన్నెండు బారల దారం కాళ్ళ దగ్గర కుప్పపడ్డాకే ఆగాడు. అంచు మీద రెండు చిలకలూ రెండు ఎర్ర గీతలతో అట్లాగే ఉన్నాయి.

అప్పటిదాకా మాట్లాడని తల్లి వచ్చి మగ్గం కింద పెట్టె మూత తీసింది. లోపలి బట్టను తీసి మోకాళ్ళ మీద పరిచింది. పాతబడి వదులైన నేత అది. అందులో ఇప్పుడు రెండు చిలకలకూ మెడలు బోసిగా ఉన్నాయి.

"మన పెళ్ళిబట్ట," అంది. "ఈ రెంటిలో మీరెవరో ఇప్పుడు చెప్పండి."

తండ్రి చేతికి దారం చుట్టుకొని ఉంది.

అబ్బాయి కత్తెర అందించాడు. "ముడి కోసెయ్యి నాన్నా. నేను వెళతాను. నిన్ను బలవంతాన లాక్కుపోను."

తండ్రి అందుకోలేదు. అబ్బాయి కత్తెరను మగ్గం మీద పెట్టాడు. తన బట్టను మగ్గం మీదనుంచి తీసి భుజాన వేసుకున్నాడు, ఎర్ర గీతలు రెండూ పైకి కనబడేట్టు. ఇక గుమ్మం దాటాడు.

వీధిలో అందరూ చూశారు. రంగులవాళ్ళ ఇంటి అరుగు మీద ఒక అబ్బాయి లేచి నిలబడ్డాడు, చేతులు మోచేతిదాకా ఎర్రగా. ఎవరో నవ్వారు. ఇంకెవరో, "ఒక్కడే పోతున్నాడే, తండ్రి ఏడీ?" అన్నారు. అబ్బాయి తల దించలేదు, అడుగు వేగం పెంచలేదు. కుప్పలోని దారం వెనక విప్పుకుంటూ వస్తోంది. వీధి మలుపుకు పన్నెండు బారలూ అయిపోవాలి. ఆ తర్వాత దాని కొస దుమ్ములో ఈడ్చుకుంటూ రావాలి.

మలుపు దగ్గర భుజం మీద దారం బిగిసింది. ఏ ముల్లుకో తగులుకుందనుకొని ఆగాడు. దారం వదులైంది. నడిచాడు. అదీ వచ్చింది.

నవ్వుతున్నవాళ్ళు అతని వెనక్కి చూసి నోరు మూసుకున్నారు.

వెనక ఎవరో దగ్గారు.

అబ్బాయి తిరిగి చూడలేదు. గుడిదాకా నడిచి మొదటి మెట్టు మీద కాలు పెట్టి, పద్ధతి ప్రకారం ఆగాడు. పైనుంచి పూజారి కిందికి తొంగిచూశాడు.

"కానివ్వవయ్యా, పొద్దెక్కుతోంది. కత్తెర ఏదీ?"

వెనకనుంచి తండ్రి దగ్గుతూ చెప్పాడు.

"ఇంట్లో మరిచిపోయాను."

అబ్బాయి రెండో మెట్టు ఎక్కాడు. దారం కూడా ఎక్కింది.