ఆఖరి చరణంల పేరు

"సారూ, మంది చెప్పినట్టు పాట మార్చాల్నా, వద్దా? ఒక్క ముక్కల చెప్పుండ్రి."

ప్రవళిక డప్పును గోడకు ఆనించి, విసురుగ కూసున్నది. ఓదెలు సారు దగ్గర పాట నేర్చుకునేటోళ్లల్ల అందరికన్నా చిన్నది ఆమెనే. డిగ్రీ నడిమిట్ల ఇడిసిపెట్టి వచ్చింది. సొంతంగ కట్టిన మొదటి పాట రేపు పొద్దుమూకంగ స్టేజి మీద పాడాలె. "బస్సు పోతే పోనియ్యి, నా కాళ్లు నాకున్నయి" అని ఎత్తుకున్నది. అది కాలేజి బస్సేనని విన్నోళ్లందరికీ ఎరుకే. ఇగ ఊకుంటరా?

బాపు కనకయ్య "బస్సెక్కి పోతున్నా, బాపు పేరు నిలబెడుతా" అని పెట్టమన్నడు. కీబోర్డు వాయించే రాకేశ్ "బస్సులున్న పోరి ఎనుక బండేసుకొచ్చిన" అంటే ఈలలు పడుతయన్నడు. సభ పెట్టిస్తున్న భూంపతి "మా ఊరి బస్సు బంగారు బస్సు" అనాల్నన్నడు. మూడూ పెట్టి పాడి చూసింది. అది ఎవరి పాటనో ఆమెకే సమజ్ కాలే. ఏడుపొక్కటే తక్కువ.

అడిగినదానికి నేరుగ జవాబు చెప్పుడు సారుకు అలవాటు లేదు. "ముగ్గుర్నీ పిలువు" అన్నడు.

వచ్చిండ్రు, చాయ్‌లు తాగిండ్రు. సారు డప్పు అందుకున్నడు. ఆయన దగ్గర ఒక కట్టుబాటున్నది. పాట కట్టినోళ్ల పేరు ఆఖరి చరణంల రావాలె. లేకుంటే ఆ పాటను స్టేజి ఎక్కనియ్యడు. ముగ్గురు చెప్పిన మాటలూ కలిపి గొంతెత్తి పాడిండు. ఆఖరి చరణంల "కట్టినోళ్లు కనకయ్య, రాకేశు, భూంపతీ" అని దరువేసిండు.

కనకయ్య చెయ్యి అడ్డం పెట్టిండు. "నా పేరెందుకు సారూ? రేపు పిల్ల మల్ల కాలేజికి పోకపోతే నలుగురిల నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మా అక్కోళ్లు వస్తున్నరు సారూ, నా పేరు తీసెయ్యుండ్రి, దండం పెడ్త!" అన్నడు రాకేశ్.

భూంపతి అప్పటికే లేచి నిలబడ్డడు. "బస్సు ఆపుతలేరని ఊరంత మండిపడుతున్నది. బంగారు బస్సు నేనన్ననంటే స్టేజి మీదనే తంతరు."

"మరి నా తల ఎందుకు తిన్నరే మీరంత!" అని ప్రవళిక లేచింది. బాపు ఖాళీ గిలాసను చేతుల్ల తిప్పుకుంట కూసున్నడు. ఆయన్ను జూసి ఆమె గొంతు తగ్గింది.

"నా మాటలు నేను పాడి, నా పేరు పెట్టుకుంటే... నన్ను గూడ తిడుతరు కద సారూ?"

సారు డప్పు ఆమె చేతిల పెట్టిండు.

"తిడుతరు బిడ్డా. పేరు పెట్టినోళ్లనే తిడుతరు. ఎత్తుకో."